నిద్రకు సీజన్ టికెట్టు

నిద్ర కోసం మా ఇంట్లో తప్పక చేయవలసిన పనులు:

1. సాయంత్రం అయిదు దాటాక కాఫీ పెట్టకూడదు.
2. గోడగడియారాన్ని రాత్రిపూట వంటింట్లోకి మార్చాలి.
3. మంచం తలవైపు దక్షిణానికి తిప్పాలి.
4. పడుకునే ముందు గసగసాలు నూరి వేడి పాలలో కలిపి ఇవ్వాలి.
5. అరికాళ్ళకు ఆముదం రుద్దాలి.
6. రాత్రి ఎనిమిది తరువాత గాజులు చప్పుడు చేయకూడదు.
7. నిద్రపోవాలి.

ఈ పట్టికను నేనే తెల్లకాగితం మీద రాసి, కింద తేదీ వేసి, సంతకం చేసి, వంటింటి గోడకు మైదాపిండితో అతికించాను. అది 1984 జూన్ నెల. నేను రిటైరై మూడు నెలలు. ఆ రోజు ఆఫీసులో వేసిన చందనపు మాల ఇంకా మేకుకు వేలాడుతూనే ఉంది. నిద్ర మాత్రం ఆ రోజే నన్ను వదిలిపోయింది.

నా భార్య కాంచన గరిటె చేతిలో పట్టుకొని పట్టికను చివరిదాకా చదివింది.

"ఏడు పనులుండాయే. ఇందులో మీది ఏది?"

"ఏడోది."

"ఒగటే పని. అది గూడా చేయలేకపోతిరి," అని పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

నా పేరు రత్నస్వామి. తిరువళ్ళూరు దగ్గర పాండూరులో మా వంశానికంతా మొదటి బి.ఏ.ని. వరి, వేరుశనగ తప్ప వేరే పంట ఎరుగని ఇంట్లో కాగితాలు పండించినవాడిని నేనొక్కడినే. ముప్పై రెండేళ్ళు తిరువళ్ళూరు నుంచి మద్రాసుకు రోజూ రైల్లో వెళ్ళి గుమాస్తా పని చేశాను, మొదట బొగ్గు బండిలో, తరువాత కరెంటు బండిలో. చదువుకున్నవాడు ఏ చిక్కునైనా విచారించి తేల్చాలని మా నాయన చెప్పేవాడు. అందుకని నా నిద్రను కూడా విచారణకు పెట్టాను.

ఒక నోటుబుక్కు తెరిచి రోజూ రాసేవాడిని. "రాత్రి 11-20: పడుకోవడమైనది. 12-05: నిద్ర లేదు. 1-10: నిద్ర లేదు, దాహము. 2-00: కాంచనను లేపి విచారించగా, తాను నిద్రలో ఉన్నట్లు చెప్పినది."

ఈ ఆఖరి వాక్యంలో ఏదో లోపం ఉన్నదని ఆ రోజు నాకు తోచలేదు.

పట్టిక ప్రకారం అన్నీ జరిగాయి. గసగసాల పాలు తాగి నేను మేలుకొనే ఉన్నాను. గ్లాసు అడుగున మిగిలింది నాకిన పిల్లి రెండు రోజులు లేవలేదు. ఆముదం కాళ్ళతో నీళ్ళకోసం లేచి, అడుగు వేయకుండానే పెరటి దాకా చేరుకున్నాను.

కాంచన మాత్రం పగటిపూట రుబ్బురోలు ముందు కూచొని, పొత్రం పట్టుకొనే కునికేది. చారులో రెండుసార్లు ఉప్పు పడేది, కాఫీలో ఒక్కసారి కూడా చక్కెర పడేది కాదు. దాన్ని నోటుబుక్కులో "ఇంటి పనిలో అలక్ష్యము" అని రాసి కింద గీత గీశాను.

అంతలో ఏదో సంతకం పెట్టి పొమ్మని పాత ఆఫీసు నుంచి కార్డు వచ్చింది. పదింటి బండి ఎక్కి కిటికీ పక్కన కూచున్నాను. పుట్లూరు వచ్చినట్టు గుర్తుంది. సెవ్వాపేట వచ్చినట్టు గుర్తు లేదు. ఎవరో భుజం పట్టి ఊపుతున్నారు. కళ్ళు తెరిస్తే మద్రాసు సెంట్రల్.

"లేయండి బావా. బండి ఖాళీ అయిపాయె."

ఎదురుగా మురుకుల దండపాణి. వాడిదీ పాండూరే, కాంచనకు తమ్ముడి వరస. తలమీద తగరపు డబ్బాతో తిరువళ్ళూరుకూ సెంట్రల్‌కూ మధ్య బండి బండికీ మారుతూ మురుకులు అమ్ముతాడు.

"ఏం నిద్ర బావా అది! నోట్లో మురుకు పెట్టినా లేయలేదే మీరు."

"నిజంగా పెట్టావా?"

"నమిలి చూడండి."

నమిలాను. ఉంది.

తిరుగు ప్రయాణంలోనూ అదే వరస. తిరువళ్ళూరులో దిగేటప్పటికి పాతికేళ్ళవాడిలా ఉన్నాను. ఇంట్లో పరుపు మీద రాని నిద్ర చెక్కబల్ల మీద ఎలా వచ్చింది? కుదుపు వల్లనా? చప్పుడు వల్లనా? లేక స్టేషన్ల పేర్లలో ఏమైనా ఉందా? కారణం తేలేదాకా మనసు ఊరుకోలేదు.

ఆ రాత్రి ఊయల బల్ల మీద కూచొని, కాంచనను ఊపమన్నాను. ఊపుకు ఒక స్టేషను పేరు పిలవమన్నాను.

"పచ్చజెండా గూడా ఊపాల్నా?"

"అవసరమైతే చెబుతాను. ముందు పిలువు."

"పుట్లూరు... సెవ్వాపేట... వేప్పంపట్టు... ఆవడి..."

"నడుమ తిన్నానూరు వదిలేశావు."

"ఇది ఫాస్టు బండి. ఊరికే ఉండండి."

ఆవడి తరువాత పేరు రాలేదు. ఊయల కూడా ఆగింది. తిరిగి చూస్తే కాంచన గొలుసు పట్టుకొని నిలుచున్నచోటే నిద్రపోతోంది.

"కాంచనా, అంబత్తూరు!" అని లేపాను.

కళ్ళు తెరిచి గొలుసు వదిలేసింది. "అంత ముద్దుగా ఉంటే ఆ బండినే కట్టుకోండి," అని లోపలికి పోయి గడియ పెట్టుకుంది.

తప్పేముంది అనుకున్నాను. మర్నాడే స్టేషనుకు పోయి, ఎవరికీ తెలియకుండా ఒక నెలకు సీజన్ టికెట్టు తీసుకున్నాను. రిటైరైనవాడు నిద్రపోవడానికి రైలెక్కుతున్నాడంటే వీధి నవ్వుతుంది. అందుకని ఒక అబద్ధం కూడా సిద్ధం చేసుకున్నాను.

"కాంచనా, పాత ఆఫీసులో నా ఫైలు ఒకటి కనబడలేదట. నేనే వచ్చి వెతకాలట."

"ఎన్ని దినాలు?"

"పెద్ద ఆఫీసు. చెప్పలేం."

"సరి. నిదానంగా వెతకండి. తొందరేమీ లేదు."

పోట్లాట వస్తుందనుకుంటే పెరుగన్నం మూట వచ్చింది. ఇంత అమాయకురాలిని మోసం చేస్తున్నానే అని నాకే జాలి కలిగింది.

ఆ తరువాత నేను గడిపిన రోజులు మహారాజులు కూడా గడిపి ఉండరు. పదింటికి ఎక్కడం, సెంట్రల్ దాకా నిద్ర. అదే బండిలో, అదే బల్ల మీద తిరుగు నిద్ర. తిరువళ్ళూరులో లేపే పని దండపాణిది. ఒక్కటే వింత. చాలా రోజులు వాడు తిరువళ్ళూరులో లేపేవాడు కాదు. కళ్ళు తెరిచేసరికి బండి మళ్ళీ మద్రాసుకు పోతూ పెరంబూరులో ఉండేది.

"ఏరా, లేపలేదే?"

"మంచి నిద్రలో ఉంటిరి బావా. పాపమనిపించె."

ఎంత లెక్క వేసుకొని బయలుదేరినా మూడున్నరకు ముందు ఇల్లు చేరడం నావల్ల కాలేదు. నోటుబుక్కులో ఈ విషయం రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టుకున్నాను.

పగలంతా నిద్రపోయినవాడికి రాత్రి ఏం పని? ఇల్లంతా తిరిగేవాడిని. వంటింటి డబ్బాలు ఒక్కొక్కటే తెరిచి లోపల ఏముందో చూసి మూసేవాడిని. అయినా కాంచన ఒక్క మాట అనేది కాదు. చారులో ఉప్పు సరిపోతోంది. కాఫీలో చక్కెర పడుతోంది. కళ్ళకింద నలుపు పోయి ముఖం కళకళలాడుతోంది. ఇదంతా నా పట్టిక మహిమే అని నిశ్చయించుకున్నాను.

రోజూ సాయంత్రం మాత్రం అడిగేది. "ఫైలు దొరికెనా?"

"ఇంకా లేదు."

"యాడికి పోతుందిలే. రేపు గూడా వెతకండి."

ఆడికృత్తిక వచ్చింది. తిరుత్తణి మురుగన్ కొండకు జనం పోటెత్తే రోజు. వ్యాపారం బాగుంటుందని దండపాణి ముందు రోజే మురుకుల డబ్బాతో అక్కడికి పోయాడు. సెంట్రల్‌లో నన్ను లేపినవాడెవరో నాకు తెలియదు. బండి షెడ్డుకు పోతుంది, దిగమన్నాడు. సగం నిద్రలో దిగి, సగం నిద్రలోనే పక్క ప్లాట్‌ఫారంలో ఉన్న బండి ఎక్కి, మిగతా నిద్ర మొదలుపెట్టాను. అది తిరుపతి ప్యాసింజరు.

"అరోహరా!" అని ఒక్కసారిగా వందమంది అరిచారు. లేచి కూచున్నాను. పసుపు గుడ్డలు, భుజాల మీద కావళ్ళు. అంబత్తూరు ఫ్యాక్టరీవాళ్ళు కావళ్ళు ఎందుకు మోస్తున్నారని ఒక్క క్షణం ఆలోచించాను. తరువాత బోర్డు చదివాను. తిరుత్తణి.

గేటు దగ్గర టికెట్ కలెక్టరు నా సీజన్ చూసి, "ఇది తిరువళ్ళూరు దాకానే సామీ," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది. నేను కొన్నది ఒక నెలకు. గడువు ఎప్పుడో తీరిపోయి ఉండాలి. ముప్పై రెండేళ్ళలో ఒక్క తేదీ తప్పని గుమాస్తాను, నిద్ర మత్తులో పట్టుబడిపోయాను. కళ్ళు మూసుకున్నాను.

"భయమెందుకు సామీ? అక్టోబరు దాకా ఉంది గదా. మిగిలిన దూరానికి కట్టి పోండి."

కళ్ళు తెరిచి చూశాను. పేరు నాదే, గుర్తింపు కార్డు నాదే. సీజను మాత్రం మూడు నెలలది. నా జేబులో నాకు తెలియకుండా అది ఎలా పెరిగింది?

ఆ ఆలోచనలోనే గేటు దాటి నేరుగా మా పక్కింటి గోవిందమ్మకు ఎదురుపడ్డాను. మా వీధిలో ఆమెను మద్రాసు రేడియో అంటారు. తేడా ఒక్కటే, కరెంటు పోయినా ఈ రేడియో ఆగదు.

"ఏం అన్నా! ఫైలు వెతకను మద్రాసుకు పోతారని కాంచనక్క చెప్పె. ఈడ ఉండారే! ఫైలు కొండ మింద ఉండాదా?"

"మొక్కు," అన్నాను.

"ఏం మొక్కు?"

చుట్టూ చూశాను. కనబడిన తలలన్నీ నున్నగా ఉన్నాయి. "గుండు," అన్నాను.

"అక్కకు చెప్పకనా?"

"రహస్య మొక్కు."

"అయ్యో మురుగా, ఎంత భక్తి!" అని నా చెయ్యి పట్టుకొని మంగలి ముందు కూచోబెట్టి, ఆఖరి వెంట్రుక రాలేదాకా కదలకుండా నిలబడింది. అంతటితో వదలలేదు. ఏడాదికి ఎన్ని రోజులో తిరుత్తణికి అన్ని మెట్లు. జనవరి, ఫిబ్రవరి బాగానే ఎక్కాను. ఏప్రిల్‌లో నడుము పట్టుకున్నాను. ఆగస్టులో కూచున్నాను. దీపావళి నెల నుంచి గోవిందమ్మే వెనకనుంచి నెట్టుకొచ్చింది.

రాత్రి ఎనిమిదింటికి, తలకు చందనం పూతతో ఇంటి తలుపు తట్టాను. కాంచన తలుపు తీసి, నా తల చూసి, ఎప్పటి ప్రశ్నే అడిగింది.

"ఫైలు దొరికెనా?"

"లేదు."

"జుట్టు గూడా పోగొట్టుకొస్తిరే."

నేను గడపలోనే కూలబడి, జేబులోంచి సీజను తీశాను. "ఇది ఎవరు మార్చారు?"

"నేనే. మీరు శనివారం నూనె రాసుకోని స్నానానికి పోతిరే, అప్పుడు తీసి దండపాణి చేతికిచ్చినాను. మధ్యాన్నం తెచ్చి మళ్ళా జేబులో పెట్టినాము."

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"మొదటి వారమే. చొక్కా ఉతికేదానికి తెలీదా జేబులో ఏముండాదో? మూడున్నరకు ముందర మిమ్మల్ని దించొద్దని వాడికి చెప్పిందీ నేనే."

నా ప్రశ్న గుర్తుకు జవాబు దొరికింది. "ఎందుకు కాంచనా?"

"మీరు బండిలో ఉంటే నేను నిద్రపోవచ్చునని."

"నీకు రాత్రి నిద్ర పట్టదా?"

కాంచన నవ్వింది. "ముప్పై రెండేళ్ళకు ఈ పొద్దు అడిగినారు బీయేగారు. మీ బండికోసమని నాలుగింటికి లేస్తా ఉంటిని. ఒగ దినం మీరు బండి తప్పింది లేదు, నేను నిద్రపోయింది లేదు. మీరు ఉద్యోగం వదిలినంక పండుకోవచ్చునని దినాలు లెక్కబెట్టుకోని ఉంటిని. వదిలినారు. రేయంతా మేలుకోని, 'కాంచనా, నిద్రపోయినావా?' అని లేపి లేపి అడిగినారు. నాకూ యాభై నాలుగు దాటె గదా. ఒగసారి తెగిన నిద్ర మళ్ళా అతకదు."

లోపలికి పోయి నోటుబుక్కు తీసి పేజీలన్నీ తిరగేశాను. నా నిద్ర ఉంది, నా దాహం ఉంది, పిల్లి నిద్ర కూడా ఉంది. కాంచన నిద్రకు ఒక్క గడి లేదు. ఉన్నదల్లా "అలక్ష్యము", దాని కింద గీత. సిగ్గుతో ఆ పేజీ చింపేశాను. మొత్తం విచారణలో నేను లెక్కలో వేయని మనిషి ఒక్కరే, ఆ ఒక్కరే ఎదురుగా నిలబడి అన్నం వడ్డిస్తోంది.

"రేపటి నుంచి నీకోసం నేను నాలుగింటికి లేచి కాఫీ పెడతాను," అన్నాను.

"వద్దు సామీ. ఆ డబ్బాల చప్పుడు నేను పడలేను."

ఇక్కడితో కథ అయిపోతే నాకు మేలు. కానీ అన్ని మెట్లు ఎక్కిన మహిమో, అబద్ధం దిగిపోయిన తేలికో, ఆ రాత్రి తొమ్మిదింటికి పడుకున్నవాడిని తెల్లవారాకే లేచాను. మర్నాడూ అంతే. నిద్ర మా ఇంటికే తిరిగి వచ్చింది.

"చూశావా! ఇక రైలు అక్కర్లేదు," అన్నాను సంతోషంగా.

కాంచన కళ్ళు మళ్ళీ ఎర్రగా ఉన్నాయి. "మీ గురక నాకు వినబడె. పక్కింటి గోవిందమ్మకూ వినబడె. గూడ్సు బండి ఇంట్లోనే నిలిచినట్టుండాది. ఇదో పెరుగన్నం. పదింటి బండికి బయలుదేరండి. సీజను అక్టోబరు దాకా ఉండాది."

ఇది జరిగి మూడేళ్ళయింది. అక్టోబర్లు వస్తున్నాయి, పోతున్నాయి, సీజను మారుతూనే ఉంది. రాత్రి బాగా నిద్రపోయినవాడిని కనుక బండిలో నాకు కన్ను మూతపడదు. కిటికీ పక్కన కూచొని స్టేషన్లు లెక్కపెడతాను. ఒంటిగంటకు తిరువళ్ళూరులో దిగబోతే దండపాణి డబ్బా అడ్డం పెడతాడు. "ఇంకా మూడున్నర కాలే బావా. అక్క లేయలే. మురుకు తినండి."

మీలో ఎవరైనా వీరరాఘవస్వామి దర్శనానికి తిరువళ్ళూరు వస్తే, స్టేషను నుంచి గుడికి పోయే దారిలో నీలం తలుపు ఇల్లు ఒకటి కనబడుతుంది. పది నుంచి మూడున్నర లోపల అటు పోయేటట్టయితే సైకిలు బెల్లు కొట్టకండి, అడ్రసు అడగడానికి తలుపు తట్టకండి. లోపల కాంచన నిద్రపోతూ ఉంటుందని దయచేసి గుర్తుపెట్టుకోండి. ముప్పై రెండేళ్ళు ఆ సంగతి నాకు గుర్తు లేకపోయింది.