సుత్తి బాబాయికి జరిగిన అన్యాయం

కట్టడం అనుకున్న సమయానికి పూర్తి కావడమంత దారుణం మరొకటి లేదు. నవ్వకండి. నమ్మకపోతే సుత్తి బాబాయిని అడగండి.

బాబాయి మాటలతో సుత్తి కొట్టే రకం కాదు. ఆయన చేతిలో ఉండేది సిసలైన ఇనప సుత్తి. కొత్తగా కట్టిన గోడలు పగలగొట్టడం ఆయన వృత్తి. కొత్త గోడల్ని ఎవరు పగలగొట్టిస్తారంటారా? అందరూను. పెద్దాసుపత్రిలో ఒక్కో పనికి ఒక్కో టెండరు. ఎవరు తక్కువ చెబితే పని వారిది. తాపీమేస్త్రి గోడ లేపి, నున్నగా ప్లాస్టరింగ్ చేసి చక్కా పోయేవాడు. ఎలక్ట్రీషియన్ వచ్చి, "నా వైర్లకి దారేది?" అనేవాడు. బాబాయికి కబురు. గోడ పూడ్చి రంగేశాక ప్లంబరు నిద్ర లేచేవాడు. మళ్లీ బాబాయికి కబురు. ఆక్సిజన్ పైపులవాళ్లు దిగేసరికి ఆ గోడకీ బాబాయికీ చుట్టరికం కలిసిపోయేది.

తప్పెవరిదని అడిగితే ప్రతివాడూ పక్కవాణ్ణి చూపించేవాడు. నింద ఇంత సమానంగా పంచుకునే సమాజం ఇంకెక్కడైనా ఉందా?

ఇలా మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగుతుండగా, ఆసుపత్రి కొత్త బ్లాకు కట్టించడానికి ఒక ఇంజనీరమ్మ వచ్చింది. పునాది తవ్వకముందే మేస్త్రినీ, ప్లంబరునీ, ఎలక్ట్రీషియన్‌నీ, చివరికి నర్సమ్మను కూడా ఒకే గదిలో కూర్చోబెట్టింది. ఎవరి పని ఎప్పుడో రాసి, ఆ గది గోడ నిండా రంగురంగుల చీటీలు అంటించింది. అందరికీ కలిపి ఒకటే ఒప్పందం: లాభమొచ్చినా నష్టమొచ్చినా అందరిదీ. ఎవరికి ఎవరితో ఏం పనుందో ముందే చెప్పుకోవాలి. పోట్లాటలన్నీ కాగితం మీదే. ఇటుకల మీద కాదు.

పాపం, బాబాయి సుత్తికి నూనె రాసుకుని కూర్చున్నాడు. ఫోను మోగలేదు. రెండో అంతస్తు లేచింది. మోగలేదు. ఉండబట్టలేక సైటుకి వెళ్లాడు.

"అమ్మాయ్, చిన్నదైనా సరే, ఒక్క గోడ కూడా లేదా?"

"లేదు బాబాయ్. పైపులెక్కడ పోవాలో ముందే మాట్లాడేసుకున్నాం."

"అన్నీ ముందే మాట్లాడేసుకుంటే తర్వాత ఏం మాట్లాడుకుంటారమ్మా?" అన్నాడు బాబాయి ఆవేదనగా.

బ్లాకు చెప్పిన రోజుకి తయారై కూర్చుంది. ప్రారంభోత్సవం నాడు బాబాయి గది గదికీ తిరిగి గోడలు తట్టి చూశాడు. ఒక్క గోడైనా ఆయన్ని గుర్తుపట్టలేదు.

ఇదే అదనుగా పిన్ని మేడ మీద గది వేయించమంది. బాబాయి మేస్త్రినీ, ప్లంబరునీ, ఎలక్ట్రీషియన్‌నీ ముందుగదిలో కూర్చోబెట్టి తలుపు గడియపెట్టాడు. నేల మీద సుద్దముక్కతో గీతలు గీశాడు. కుళాయి ఎక్కడో, స్విచ్చి ఎక్కడో తేలేదాకా ఎవరూ కదలడానికి వీల్లేదన్నాడు.

"ముందు గోడ లేవనీ బాబాయ్, తర్వాత చూసుకుందాం," అని ఆవులించాడు ప్లంబరు.

"తర్వాతేమిటి? నా గోడ మీద సుత్తి పడిందంటే ఊరుకోను."

"ఆసుపత్రిలో ఎన్ని పగలగొట్టావు?"

"అది వేరు. అది అందరిదీ. ఇది మాది."

టీ గ్లాసులు పెడుతున్న పిన్ని ఆగింది.

"మోకాలి ఆపరేషన్‌కి నన్ను వారం రోజులు వరండాలో పడుకోబెట్టారు, గుర్తుందా? గది ఖాళీ లేదన్నారు. గది ఖాళీగానే ఉందండీ. లోపల మీ సుత్తి చప్పుడు వింటూనే ఉన్నాను."

బాబాయి చేతిలోని సుద్దముక్క నేల మీద పెట్టేశాడు. ప్లంబరు లేచి, దాన్ని అందుకున్నాడు.