హరీ చాయ్ కస్టర్డ్

దేశాభివృద్ధికి కస్టర్డ్ ఎంత అవసరమో కిందటి ఆగస్టు పదకొండో తేదీ ఉదయం పదిన్నర దాకా మా కాలనీలో ఎవరికీ తెలియదు! పదీ ముప్పై ఒకటికి తెలిసింది. తెలియజేసినవారు శ్రీమతి వినీతా మేడమ్.

మాది కిరండూల్ లైనులో ఓ చిన్న స్టేషను. ఇనపరాయి మోసుకుంటూ గూడ్సుబళ్లు విశాఖపట్నం వైపు దిగిపోతూ ఉంటాయి. వాటి ఎర్రదుమ్ము మా గుమ్మాల మీదా, ఆరేసిన బట్టల మీదా పడుతూ ఉంటుంది. నా పేరు జాన్‌బాబు. సొంతూరు బొబ్బిలి దగ్గర. ఉద్యోగం ఆఫీసు గుమాస్తా. అది కాక, మా ఆఫీసు పెద్దసాబ్ గారి భార్య అధ్యక్షురాలిగా ఉన్న కాలనీ మహిళా స్వాస్థ్య సమితికి కాగితాలు టైపు కొట్టిపెట్టడం నా అదనపు బాధ్యత. సమితిలో మగవాళ్లకు సభ్యత్వం లేదు. పని మాత్రం ఉంది.

ఆ పెద్దసాబ్ గారి భార్యే వినీతా మేడమ్. రాయ్‌పూర్ నుంచి వచ్చి మూడు నెలలైంది. మొదటి నెలలో మైదా నిషేధించారు. రెండో నెలలో పంచదార నిషేధించారు. పంచదార కాలనీ వదిలి ఎక్కడికీ పోలేదు. డబ్బా మీద పేరు మారింది, అంతే! మా ఇంట్లో దాని మీద 'సబ్బు పొడి' అని రాసి ఉంటుంది.

మూడో నెలలో, ఆరోగ్య వారోత్సవాల గురించి చేసిన ప్రకటన ఇదీ.

"స్వాస్థ్య సప్తాహ్ ఆఖరి రోజున, వచ్చే ఆదివారం, ముఖ్య అతిథిగా డాక్టర్ ఊర్మిలాజీ వస్తున్నారు. వ్యవసాయ శాస్త్రవేత్త. జపాన్‌లో రెండేళ్లు చదువుకున్నారు! అలాంటి మనిషికి సమోసా పెడితే మన పరువేం కావాలి? హరీ చాయ్ కస్టర్డ్ పెట్టాలి. గ్రీన్ టీ రుచితో, జపాన్ పద్ధతిలో! చేయడం ఎంతమందికి వచ్చు?"

హాల్లో ఇరవై ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఆ పదార్థం పేరు వినడం ఇరవై ఇద్దరికీ అదే మొదలు. ఇరవై రెండు చేతులూ లేచాయి.

"మేము నెలకోసారి చేసుకుంటామండీ," అంది పక్క క్వార్టర్ లలిత.

మా ఆవిడ సంతోషకుమారికి లలిత అంటే ప్రాణం. అందుకే లలితకన్నా ఒక మెట్టు కింద ఉండడం భరించలేదు. పైగా సమితిలో ఉపాధ్యక్ష పదవి ఖాళీగా ఉంది.

"మేం వారానికి రెండుసార్లు చేస్తామండీ! అది లేకపోతే మా ఆయనకి ముద్ద దిగదు," అంది.

అందరూ నా వంక చూశారు. మూల బల్ల దగ్గర సమావేశం వివరాలు రాసుకుంటున్న నేను గంభీరంగా తలూపాను. కస్టర్డ్ నంజుకుని అన్నం తినే మనిషిని పుట్టి బుద్ధెరిగాక నాలోనే మొదటిసారి చూశాను.

"వాహ్! అయితే ఆ బాధ్యత సంతోషీజీదే. నలభై కప్పులు," అన్నారు మేడమ్.

అదే సమావేశంలో రెండో అంశం లక్కే దరఖాస్తు. లక్కేది తెలుగు సరిహద్దు దగ్గరి ఎర్రబోరు అనే ఊరు. అక్కడి నుంచి వచ్చి, మా స్టేషను పక్క బస్తీలో పదిమంది ఆడవాళ్లను కూడగట్టి సంఘం పెట్టింది. అడవిలో దొరికే దుంపను తురిమి, ఏడెనిమిది నీళ్లలో కడిగి, పేరుకున్న తెల్లటి పిండిని ఎండబెట్టి అమ్ముతారు. ఇక్కడ తీఖుర్ అంటారు. మా వైపు పాలగుండ అంటాం. ఒంట్లో వేడి చేస్తే మా అమ్మ పాలల్లో కాచి పట్టేది. సప్తాహ్ ఆఖరి రోజున హాల్లో ఒక బల్ల ఇస్తే తీఖుర్ మిఠాయి పెట్టుకుంటామని లక్కే రాసుకుంది. 

"జంగిల్ సరుకు," అన్నారు మేడమ్. "ఆధునిక ప్రమాణాలు ఉండవు."

హాల్లో సగంమంది ఇళ్లలో తీఖుర్ డబ్బా ఉంది. మాట్లాడిన వాళ్లు లేరు. నేనూ మాట్లాడలేదు. 'ఆధునిక ఆరోగ్య ప్రమాణాలకు అనుగుణంగా లేనందున తిరస్కరించడమైనది' అని కొట్టి, మేడమ్ సంతకం తీసుకుని, ఫైల్లో పెట్టాను. ఆ కబురు లక్కేకి చెప్పడం ఎవరి బాధ్యతో తీర్మానంలో లేదు కాబట్టి ఎవరూ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం ప్రయోగాలు మొదలయ్యాయి.

"ఏటండీ, గ్రీన్ టీ అంటే ఏటి? టీ ఆకు ఎండకముందు కోసీసిందా?" అని అడిగింది సంతోషకుమారి.

"వారానికి రెండుసార్లు చేసేదానివి, నన్నడుగుతావేం?"

ఆ సమాధానానికి ఆవిడ చూసిన చూపుతో నేను బజారుకు పరిగెత్తాను. మూడో కొట్టులో, పై అరలో, దుమ్ము కింద ఒక పెట్టె దొరికింది. లోపల దారాలు కట్టిన బుల్లి సంచులు. ఫోన్‌లో వీడియో పెట్టుకున్నాం. అందులో వంట చేసే ఆవిడ పొడి చిలకపచ్చగా ఉంది. మా సంచుల్లోది ఎండుగడ్డిలా ఉంది.

మరిగే పాలల్లో ఆరు సంచులు వేశాం. రెండు పగిలాయి. పసుప్పచ్చ కస్టర్డ్ పొడి కలిపేసరికి వానకు తడిసిన గూడ్సు వ్యాగను కింద కారే నీళ్ల రంగు వచ్చింది. రుచి చూశాను. నాలుక కాసేపు నా మాట వినలేదు. రెండోసారి పాలు విరిగాయి. మూడోసారి అడుగంటింది. నాలుగోసారి గట్టిపడుతుందని సాయంత్రం దాకా చూశాం. అది మమ్మల్ని చూస్తూ నీళ్లలాగే ఉండిపోయింది.

ఆదివారం పొద్దున్న కస్టర్డ్ పొడీ లేదు, ధైర్యమూ లేదు. సంతోషకుమారి వంటింటి గడప మీద కూర్చుని ఏడుస్తోంది.

"నలభైమంది ముందర నా మొకం ఎలగెట్టుకోను? ఆ లలిత నవ్వదేటి?"

సరిగ్గా అప్పుడు పెరటి గేటు చప్పుడైంది. లక్కే! సంతకు పోతూ, బుట్ట నెత్తిన పెట్టుకుని వచ్చింది.

"ఏందమ్మా, పాలు మాడినయా? రోడ్డు దాకా వాసనొస్తున్నది."

దాచడానికేమీ మిగల్లేదు. సంతోషకుమారి అంతా చెప్పేసింది. లక్కే నోరు తెరిచి విన్నది. తర్వాత మా పెరటి కుళాయి వైపు చెయ్యి చూపింది.

"హరీ చాయ్ కోసమా గింత ఏడుపు? మీ నల్లా కాడ దుబ్బులు దుబ్బులున్నది గదా!"

చూశాం. నిమ్మగడ్డి.

"సంతల గిదాన్నే హరీ చాయ్ అంటరు. కట్టలు కట్టి అమ్ముతం."

"అది వేరు, ఇది వేరు," అన్నాను నేను, చదువుకున్నవాణ్ని కాబట్టి.

"మీరుండండి!" అంది సంతోషకుమారి కళ్లు తుడుచుకుంటూ. "మేడమ్ ఏటన్నారు? హరీ చాయ్ అన్నారా, లేదా? మీరు రాసిన కాయితం చూడండి."

చూశాను. నా స్వహస్తాలతో 'హరీ చాయ్' అనే రాసి ఉంది. ప్రభుత్వ పరిభాష ప్రకారం ఇక అభ్యంతరానికి తావు లేదు!

లక్కే బుట్ట దింపింది. నిమ్మగడ్డి కోసి, ముడులు వేసి పాలల్లో మరిగించి వడకట్టింది. బుట్టలోంచి తీఖుర్ తీసి చల్లటి నీళ్లలో కలిపి, తేట వంచేసి, ఆ పాలల్లో పోసింది. 'సబ్బు పొడి' డబ్బా ఎక్కడుందో అడక్కుండానే తీసుకుంది. రంగు కోసం సంతోషకుమారి మునగాకు నూరి రసం పిండింది. పావుగంట తిప్పేసరికి గిన్నెలో అద్దంలా మెరుస్తూ, లేత ఆకుపచ్చగా ముద్ద లేచింది. వేలితో నాకి చూశాను. నా కడుపులో మా అమ్మ పిలిచినట్టయింది.

"బాబూ, మా దరఖాస్తు ఏమాయె?" అంది లక్కే, గరిటె తిప్పుతూనే.

"ప్రక్రియలో ఉంది."

"ప్రక్రియల ఉన్నదంటే ఇస్తరా, ఇయ్యరా?"

"పైకి వెళ్లాలి."

"పైన ఎవరున్నరు బాబూ? మేడమే గదా. ఆమె ఇల్లు నాలుగిళ్ల అవతల్నే."

సంతోషకుమారి తలెత్తలేదు. ఆ సమావేశంలో తనూ ఉంది. చివరికి మా ఆవిడే అంది:

"లక్కే, నలభై కప్పులు నానొక్కదాన్నే మొయ్యలేను. సాయంత్రం నాతోటి హాలుకి వస్తావా?"

"వస్త. సంత కాంగనే వస్త."

సాయంత్రం నాలుగింటికి హాలు బయట స్వాగత బృందం పూలగుత్తితో నిలబడింది. జపాన్ చదువు కాబట్టి పెద్ద కారు వస్తుందని అందరి నమ్మకం. నూలు చీర కట్టుకుని, గొడుగు ముడుస్తూ బస్సు దిగి వచ్చిన ఒకావిడను "జరుగమ్మా, పెద్దవాళ్లొస్తున్నారు," అని పక్కకు పంపారు. ఆవిడ వెళ్లి ముందు వరసలో కూర్చుంది. అరగంట తర్వాత గానీ ఆవిడే డాక్టర్ ఊర్మిల అని తెలియలేదు. పూలగుత్తి అప్పటికి కాస్త వాడింది.

మా ఆవిడా, లక్కే కలిసి కప్పులు పంచారు. మేడమ్ మొదటి చెంచా నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మా ఆవిడ తప్ప మిగతా ఇరవై ఒక్కమందీ కళ్లు మూసుకున్నారు.

"అచ్చం జపాన్!" అన్నారు మేడమ్. "ఆ సున్నితమైన చేదు తెలుస్తోందా?"

"తెలుస్తోందండీ!" అంది లలిత. అందులో రెండు గిద్దల పంచదార ఉందని నాకు తెలుసు.

ఊర్మిల గారు కప్పు ఖాళీ చేశారు. ఇంకొకటి అడిగి తీసుకుని, అదీ ఖాళీ చేశారు.

"జపాన్ గుర్తొచ్చిందా మీకు?" మేడమ్ ముందుకు వంగి అడిగారు.

"లేదండీ. తోంగ్‌పాల్ గుర్తొచ్చింది."

అది జపాన్‌లో ఎక్కడుందోనని మేడమ్ కళ్లు చిట్లించారు.

"మాది తోంగ్‌పాలే, ఈ చుట్టుపక్కల ఊరే. ఎండాకాలం మా అమ్మమ్మ ఇదే చేసి పెట్టేది. తీఖుర్, నిమ్మగడ్డి! ఎన్నాళ్లైందో తిని. ఎవరు చేశారు?" మా ఆవిడ లక్కేను చూపించింది.

మేడమ్ చెంచా కప్పుకూ నోటికీ మధ్య ఆగింది. "అంటే... జపాన్‌లో గ్రీన్ టీ కస్టర్డ్ ఇలా ఉండదా?"

"ఒక్కసారే తిన్నాను. చేదనిపించి వదిలేశాను. రెండేళ్లూ గదిలో అన్నం, పప్పు వండుకున్నాను. మీరు చేసేది ఎలా ఉంటుంది?"

"నేను... ఫోన్‌లో చూశాను," అన్నారు మేడమ్.

పెద్ద పదవుల్లో ఉన్నవాళ్లు ఊరికే ఉండరు! సరిగ్గా నాలుగు సెకన్లలో మేడమ్ తేరుకుని లేచి నిలబడ్డారు. "అందుకే మా సమితి మొదటి నుంచీ తీఖుర్‌ను ప్రోత్సహిస్తోంది!" అని ప్రకటించారు. చప్పట్లు మోగాయి. జంగిల్ సరుకు ఒక్క క్షణంలో వారసత్వ సంపద అయింది. "జాన్‌బాబూ, వెంటనే తీర్మానం తయారు చెయ్యండి," అన్నారు.

తయారు చేశాను. ఆవిడ చెప్పింది చెప్పినట్టు హిందీలో కొట్టాను. 'సమితి ఇచ్చిన శిక్షణలో శ్రీమతి లక్కే తీఖుర్ కస్టర్డ్ చేయడం నేర్చుకున్నారు' అన్నది అందులో మూడో వాక్యం. కాగితం వరసలో తిరిగింది. అందరూ సంతకాలు పెట్టారు. చివర్న లక్కే చేతికి వచ్చింది. వేలిముద్ర కోసం లలిత సిరాబిళ్ల కూడా తెచ్చింది.

లక్కే సిరాబిళ్ల పక్కకు జరిపింది. చదవడం మొదలుపెట్టింది! ఆశ్రమ పాఠశాలలో పదో తరగతి దాకా చదివిందని మాకెవరికీ తెలియదు. మా సమితి పుట్టాక ఒక తీర్మానాన్ని ఎవరైనా చదవడం అదే మొదలు. మూడో వాక్యం దగ్గర వేలు ఆగింది.

"గీ నేర్పించినోళ్లు ఎవరు?"

సంతోషకుమారి లేచింది. ఉపాధ్యక్ష పదవి ఆవిడ కళ్లముందు నుంచి నడిచి వెళ్లిపోవడం నేను చూశాను.

"ఎవరూ నేర్పలేదండీ. నాకే ఈవిడ నేర్పింది. నాను కస్టర్డ్ ఎప్పుడూ చెయ్యలేదు. వీళ్లకి బల్ల ఇవ్వొద్దన్నప్పుడు నానూ నోరెత్తలేదు."

"ఇవ్వొద్దన్నారా?" లక్కే నా వైపు తిరిగింది. "ప్రక్రియల ఉన్నదంటివి గదా బాబూ!"

ఊర్మిల గారు మేడమ్ వైపు చూశారు. మేడమ్ నా వైపు చూశారు.

"జాన్‌బాబూ! 'మంజూరు' అని కొట్టమంటే 'తిరస్కరణ' అని కొట్టారా? టైపింగ్ పొరపాటు! చూశారా ఊర్మిలాజీ, ఇలాంటి వాళ్లతో నెగ్గుకొస్తున్నాం."

ఆ రెండు మాటలకూ అక్షరాల్లో పోలికే లేదు. అయినా తలూపాను. మూడో వాక్యం కొట్టేశారు. అప్పుడు లక్కే సంతకం పెట్టింది. అప్పటికప్పుడు బల్ల వచ్చింది, బల్ల మీద గుడ్డ వచ్చింది. ఊర్మిల గారు లక్కే పక్కన కుర్చీ వేసుకుని ఇక్కడి హల్బీ భాషలో ఏదో అన్నారు. ఇద్దరూ పగలబడి నవ్వారు. ఎవరి గురించో అడిగే ధైర్యం హాల్లో ఎవరికీ లేకపోయింది.

సోమవారం, ఆ 'టైపింగ్ పొరపాటు'కు నాకు మెమో ఇవ్వాలని సమితి నిశ్చయించింది. మెమో కొట్టాల్సింది కూడా నేనే. కొట్టాను. 'లక్కే దరఖాస్తును అధ్యక్షురాలి ఆదేశం మీద తిరస్కరించడమైనది. టైపింగులో ఏ పొరపాటూ లేదు. లక్కేకి నిజం చెప్పే ధైర్యం గుమాస్తాకు లేకపోవడమే పొరపాటు. అందుకు గుమాస్తాను మందలించడమైనది.'

మేడమ్ గారి ముందు పెట్టాను.

"గట్టిగా రాశారా?"

"గట్టిగానే రాశానండీ."

కింద సంతకం పెట్టి, ముద్ర వేసి ఇచ్చారు. చదవలేదు.