నూనె మానిన మేనమామ

ఆ ఉదయం వినీత అనుకున్నది చాలా చిన్న పని. ఎల్లారెడ్డిలో మేనమామ సిద్ధిరాములును మొదటి బస్సు ఎక్కించి, కామారెడ్డి ల్యాబులో పరగడుపున ఆయన నెత్తురు తీయించి, ఐసు డబ్బాతో తను హైదరాబాదు రైలెక్కాలి. యూనివర్సిటీలో కణాలను పరీక్షించే యంత్రం ఆమెకు దొరికేది ఆ ఒక్క సాయంత్రమే. అది తప్పితే మళ్లీ వచ్చే ఏడాది. అప్పటికి ఫెలోషిప్ ఉండదు, ఓపిక ఇప్పటికే లేదు.

జబ్బులతో కొట్లాడే తెల్లకణాల గోడల్లో పొటాషియం బయటికి పోయే సన్నటి దారులుంటాయి. నూనెల్లోని కొవ్వు ఆమ్లాలు ఆ దారులకు అడ్డం పడితే కణం మందగిస్తుంది, జబ్బొచ్చినా లేవదు. ఎంత అడ్డం పడుతున్నాయో తేల్చడమే వినీత పరిశోధన. నూనె తినేవాళ్ల నెత్తురు హాస్టల్లో కావలసినంత దొరికింది. కొన్నాళ్లు నూనె చుక్క ముట్టని మనిషి దొరకలేదు. చివరికి మేనమామ జాలిపడి రెండు వారాలు మానేస్తానన్నాడు.

అయితే ఆ వాడకట్టులో ఒంట్లో బాగున్నవాడు నూనె మానడం ఎవరూ ఎరగరు. అత్త లక్ష్మీనర్సమ్మ పోపు లేని పప్పు వండడం చూసి పక్కింటి ఈరవ్వ, పాపం గుండెకొచ్చిందనుకుంది. కబురు గాంధారి ఊరు చేరేసరికి గుండెకు రంధ్రం పడింది. డోంగ్లి చేరేసరికి డాక్టర్లు చేతులెత్తేశారు, మేనకోడలు ఆఖరి ప్రయత్నంగా పట్నం తీసుకుపోతోంది.

అందుకే ఆ తెల్లవారేసరికి వాకిలి నిండా చుట్టాలు, వాళ్ల చేతుల్లో బ్రెడ్డు ప్యాకెట్లు, బత్తాయిలు. అంత దూరం నుంచి పలకరించడానికి వచ్చినవాళ్లకు ఛాయ్ పోయకుండా కదలడం కుదరదు. ఛాయ్ మరిగేలోపు మొదటి బస్సు వెళ్లిపోయింది. మామ నిక్షేపంగా ఉన్నాడని వినీత ఒక్కొక్కరికీ చెప్పింది. చెప్పినకొద్దీ వాళ్లు కళ్లు తుడుచుకున్నారు. రోగి ముందర డాక్టర్లు కూడా అట్లాగే చెబుతారట.

"మామకేం కాలే. ఆయన నెత్తురు నాకు కావాలె," అంది విసిగిపోయి.

అంతటితో రోగులు ఇద్దరయ్యారు. పెళ్లి కావలసిన పిల్లకు నెత్తురు తక్కువైందని ఒక ముసలమ్మ శోకాలు తీసింది. ఎవరో ట్రాలీ ఆటో తెప్పించారు. వద్దని వాదించే శక్తి లేక వినీత ఎక్కి కూర్చుంది, వెనకాల అందరూ ఎక్కారు.

ల్యాబులో నెత్తురు తీసే రాబియా ఆ గుంపును చూసి పేషెంటు ఎవరని అడిగింది. సగం మంది మామను, సగం మంది వినీతను చూపించారు. చివరికి సిద్ధిరాములు కుర్చీలో కూర్చున్నాడు. నూనె పదార్థం చివరిసారి ఎప్పుడు తిన్నారని రాబియా మర్యాదకు అడిగేసరికి ఆయన తల దించేశాడు.

"బిడ్డా, బస్టాండు కాడ రోజూ మిర్చి బజ్జీలు తిన్న. నీ మొఖం చూసి చెప్పలేకపోయిన."

వినీతకు కోపం రాలేదు. కోపానికి కూడా కొంత బలం కావాలి. బెంచీ మీద కూలబడింది, ఏడుపొచ్చింది.

గాంధారి నుంచి వచ్చిన పెద్దమ్మ హన్మవ్వ తమ్ముణ్ణి ఎగాదిగా చూసింది.

"నీ జబ్బు మంచిగయ్యేదాంక నూనె ముట్టనని ఎల్లమ్మకు మొక్కిన్రా. కబురు తెలిసిన కాడి నుంచి, పది దినాలాయె, చుక్క ముట్టలే. నువ్వు బజ్జీలు తింటున్నవా?"

వినీత మెల్లగా తలెత్తింది. పొద్దుటి నుంచి ఏమైనా తిన్నావా అని అడిగింది. తమ్ముడి దిగులుతో ఛాయ్ కూడా తాగలేదంది హన్మవ్వ.

"నీ నెత్తురిస్తవా పెద్దమ్మా?"

"వీనికి పనికొస్తదా?"

"రాదు. నాకు పనికొస్తది."

"నీకైతే తీస్కో," అని చెయ్యి చాపింది.

తర్వాతి రైలు అందింది. ఆ సాయంత్రం యంత్రంలో హన్మవ్వ కణాలు దారులన్నీ బార్లా తెరుచుకుని కనిపించాయి. ఎప్పుడూ మూతి ముడుచుకునే ప్రొఫెసరు బాగుందన్నాడు. వినీత మామ ఇంటికి ఫోన్ చేసి, పెద్దమ్మను ఇక నూనె తినమని చెప్పింది. తమ్ముడి జబ్బు నయం కాకుండా మొక్కు ఎట్లా తీరుతుందని హన్మవ్వ అడిగింది. అసలు జబ్బే లేదని ఇంటిల్లిపాదీ చెప్పి చూశారు. లేనిది నయం కాదు కదా అంది.

హన్మవ్వ ఇంకా పోపు లేని పప్పే తింటోంది. సిద్ధిరాములు గుండ్రాయిలా ఉన్నాడు, ఆయన ఆరోగ్యం మెరుగుపడే సూచనలేవీ లేవు.