పసుపు గీత లోపల కాన్పు సెలవు

2023 ఆగస్టు పద్దెనిమిది. వాచ్‌మన్ కుళ్లాయప్ప ఆ తారీఖు మరిచిపోడు. ఆ రోజే పెనుకొండ దగ్గర చలికోట్లు కుట్టే యూరప్ కంపెనీ తెరిచారు. చిత్రాన్నం, ఓళిగలు, ఓళిగల మీద అడిగినంత నెయ్యి. చేతులు కడుక్కున్నాక గౌరవనీయ మంత్రి గోవిందరాజులుగారు పసుపు రంగు డబ్బా తెప్పించి, గేటు కింద అడ్డంగా గీత గీయించారు.

"ఈ గీతకు ఈవల మన చట్టం, ఆవల యూరప్ చట్టం! విమానం ఎక్కించకుండా మన కార్మికుణ్ణి విదేశానికి పంపిన మొదటి ప్రభుత్వం మాది!"

చప్పట్లు మోగాయి. గీతను కాపాడే బాధ్యత కుళ్లాయప్పకు దక్కింది.

మర్నాటి నుంచి హిందూపురం బస్టాండులో మాటలే మారిపోయాయి.

"ఏమబ్బా, యాడికి పోతాండావు?"

"ఫారిన్‌కప్పా. సాయంత్రం బస్సుకి వచ్చేస్తా."

గుడిబండలో ఒక ముదురు పెళ్లికొడుక్కి విదేశీ ఉద్యోగమని చెప్పగానే సంబంధం కుదిరింది.

దసరాకు సెలవివ్వలేదు, యూరప్‌లో దసరా లేదు. పోనీ క్రిస్మస్‌కు ఇవ్వమంటే హెచ్చార్ మేనేజర్ చైతన్య నొచ్చుకున్నాడు. "పండగ చేసుకునేది ఇంట్లోనే కదా? ఇల్లు ఇండియాలోనే కదా?" చట్టాన్ని అంత లోతుగా చదివినవాణ్ణి కుళ్లాయప్ప అదివరకు చూడలేదు.

ధర్మవరం నుంచి వచ్చి కోట్లకు జేబులు కుట్టే వనితకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకు సెలవు, తిరిగొచ్చాక తన మిషను తనకు. ఆమె అడిగింది ఇంతే.

"మన చట్టంలో జీతంతో ఆర్నెల్లు ఉండాదంట గదా సార్?"

"ఉంది, గీత బయట. బయట నువ్వు మా ఉద్యోగివి కాదు."

"అట్లయితే యూరప్ సెలవే ఇయ్యండి."

"తప్పకుండా ఇస్తాం. కాకపోతే గీత లోపలే తీసుకోవాలి."

వనిత సెలవు చీటీ రాసిచ్చింది. మర్నాడు గేటు లోపల, వేపచెట్టు నీడలో, సెలవు మీద కూర్చుంది. కుళ్లాయప్ప తన స్టూలు ఇచ్చాడు. రాత్రికి ఇంటికి పోతే సెలవు తెగిపోతుందని చైతన్య అనడంతో, గేటు పక్క తన గదిలో మంచం కూడా ఇచ్చి, తాను అరుగు మీద పడుకున్నాడు.

అత్త వెంకటక్క రోజూ సంగటి ముద్ద, చెనిక్కాయల ఊరిబిండి తెచ్చి గీత మీదుగా అందించేది.

"లోపలికి రా అత్తా."

"నాకు పాస్‌పోర్టు యాడుండాదే!"

గాజులు తొడిగే వేడుకా అక్కడే జరిగింది. ముత్తైదువలు ఇండియాలో నిలబడ్డారు. వనిత యూరప్ నుంచి చేతులు చాచింది. మంత్రిగారు స్వయంగా వచ్చి అక్షింతలు వేశారు.

"పనిచేసే చోటే సెలవు! ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?"

"యాడా లేదు సామీ," అంది వెంకటక్క. మంత్రిగారు పొంగిపోయారు.

పేపర్లో వచ్చిన ఫొటో యూరప్ దాకా పోయింది. వెంటనే హెడ్డాఫీసు నుంచి ఫోను. నిండు చూలాలిని ఇట్లా స్టూలు మీద కూర్చోబెడితే అక్కడ నేరం. ఉద్యోగంలోంచి తీసేస్తే అది ఇంకా పెద్ద నేరం. చైతన్య మంత్రిగారిని పిలిపించాడు.

మంత్రిగారు మాత్రం నవ్వారు. "ఆమెను తీయొద్దు. కదిలించనూ వద్దు. రంగు డబ్బా తెండి."

పొద్దు గుంకే వేళకు కుళ్లాయప్ప పాత గీతను కిరోసిన్‌తో తుడిచి, లోపలి షెడ్డు గడప దగ్గర కొత్త గీత గీశాడు. వంకర లేకుండా గీశాడు.

"ఏమైందన్నా?" అంది వనిత, స్టూలు మీది నుంచే.

"ఏం లేదమ్మా. దేశం కొంచెం వెనక్కి జరిగింది."

"ఎవరినీ తీసేయలేదు. ఆమె కూర్చున్న చోటే ఉంది!" అని మంత్రిగారు విలేకరులకు చెప్పి కారెక్కారు.

"మరి నా సెలవు సార్?" అంది వనిత.

"ఇండియాలో నువ్వు మా ఉద్యోగివి కాదు కదమ్మా," అన్నాడు చైతన్య, చాలా మర్యాదగా.

కుళ్లాయప్ప కుంచె పట్టుకుని చుట్టూ చూశాడు. వేపచెట్టు, స్టూలు, తన గది, గదిలో మంచం, తాను. అన్నీ గీతకు ఈవలే.

"సార్, మరి నేను?"

చైతన్య గీత వంక మెచ్చుకోలుగా చూశాడు. "చాలా నీటుగా గీశావప్పా," అన్నాడు. నిండు చూలాలు ఉలిక్కిపడకూడదని, షెడ్డు తలుపు చప్పుడు కాకుండా లోపలి నుంచి మూసుకున్నాడు.