గుండీలమ్మ సూది

ఆ ఉదయం గుండీలమ్మ అనుకున్న పని చాలా చిన్నది. చర్చి పక్క హాల్లో కూర్చుని, మిగిలిన చొక్కాలకు గుండీలు గట్టిగా కుట్టేసి, టీ తాగి, ఇంటికెళ్లి కాసేపు నడుం వాల్చడం. సాయంత్రం పేదపిల్లలు వచ్చి సంఘం పంచే యూనిఫారాలు తీసుకుంటారు, మర్నాడు బడి తెరుస్తారు. కొట్లో కొన్న చొక్కాల గుండీలు రెండు ఉతుకులకే రాలిపోతాయని, ప్రతి గుండీనీ తన చేత్తో మళ్లీ కుడతానని పట్టుబట్టింది ఆవిడే. "దర్జీకి ఇచ్చేద్దాం" అన్న పాస్టరమ్మగారి మాట కూడా చెవిన పెట్టలేదు. సంఘంలో అందరూ ఆవిణ్ణి గుండీలమ్మ అనేది అందుకే.

ఆఖరి చొక్కా మడిచి ఇచ్చింది. బ్యాంకులో చేసి రిటైరైన కేషియర్ గారు దాన్ని కవర్లో పెట్టి, పేరు అంటించి, టేపు వేశారు. గుండీలమ్మ టీ తాగొచ్చి, సామాను సర్దుకుందామని దారపు రీలు అందుకుంది. దారం ఉంది. సూది లేదు.

ఒళ్లో చూసింది. చాప దులిపింది. చీర కుచ్చిళ్లు తడుముకుంది. ఎక్కడా లేదు. అప్పుడు ఆవిడ చూపు గోడవారగా పేర్చిన కవర్ల గుట్ట మీద ఆగింది. ఏ కాలర్లోనో, ఏ జేబులోనో ఉంది. ఏ పసిదాని మెడకో...

చెబితే పాస్టరమ్మగారు పంపిణీ ఆపేస్తారు. రేపు పిల్లలు పాత చిరుగుల బట్టలతోనే బడికెళ్తారు. పైగా "దర్జీకిద్దామని నేనన్నానా లేదా?" అన్న మాట బతికున్నన్నాళ్లూ వినాలి. చెప్పకపోతే?

మెల్లిగా ఒక కవరు తీసి పైనుంచే వేళ్లతో నొక్కసాగింది.

"ఏం చేస్తున్నారమ్మా?" వెనకనుంచి కేషియర్ గారు.

"సైజు... సైజు చూస్తున్నానండీ."

"సైజుకేమైంది?"

"ఎందుకో తేడాగా అనిపించింది."

నోటికొచ్చింది అనేసింది. కానీ కేషియర్ గారు ఉద్యోగమంతా 'తేడా' అన్న మాటకు ఉలిక్కిపడుతూ గడిపిన మనిషి. పరుగున వెళ్లి పాస్టరమ్మగారి చెవిన వేశారు. ఆవిడ కొంగు బిగించి వచ్చారు, ఆవిడ వెనకే మిగతా ఆడవాళ్లూ.

"అన్నీ విప్పండి! పిల్లల ముందు పరువు పోకూడదు!"

చూస్తుండగానే టేపులు చర్రుమన్నాయి. పేర్లున్న కవర్లు ఒక పక్క, చొక్కాలు మరో పక్క. ఏది ఎవరిదో ఇక ఆ దేవుడికే తెలియాలి.

"మెల్లిగా! చేతులు జాగ్రత్త!" అని అరిచింది గుండీలమ్మ.

ఆవిడ తోడికోడలు వింతగా చూసింది. "చొక్కాలే కదే, పాముల్లా కరుస్తాయా ఏంటి?"

"నలిగిపోతాయని అక్కా... అసలు ఒకసారి ఇస్త్రీ చేసేస్తే పోతుందేమో." ఇస్త్రీపెట్టె కింద సూది పడితే గరుక్కుమంటుంది కదా అని ఆవిడ ఆశ.

సాయంత్రానికి సగం చొక్కాలు ఇస్త్రీ అయ్యాయి. గరుకు లేదు, సూది లేదు. ఈలోగా ఎవరో టీకి కరెంటు కెటిల్ కూడా పెట్టారు. టప్పుమని ఫ్యూజు ఎగిరి హాలంతా మసకైపోయింది. సరిగ్గా అప్పుడే బడి టీచరమ్మ పిల్లల్ని వరసగా వెంటబెట్టుకుని గుమ్మంలోకొచ్చింది.

"ఈ మసకలో సైజు చీటీలు కనబడి చావవు," అన్నారు పాస్టరమ్మగారు. "పిల్లల్నే వేసుకుని చూడమందాం. ఎవరికి పట్టింది వాళ్లకి."

గుండీలమ్మ పరుగున వెళ్లి వరస ముందు మోకాళ్ల మీద కూలబడింది. చొక్కా తొడుక్కున్న పిల్లనల్లా ఆపి, భుజాలు, కాలరు, వీపు, జేబు, అంచు అరచేత్తో ఒత్తి ఒత్తి చూడసాగింది. సూది ఉంటే తన చేతికే గుచ్చుకోవాలి. పెదవులు మాత్రం "ప్రభువా, ప్రభువా" అని ఆగకుండా కదులుతున్నాయి.

"ఆంటీ, చక్కిలిగిలి!" అని ఓ బక్కపిల్ల మెలికలు తిరిగింది.

"కదలకమ్మా. ఎక్కడైనా గుచ్చుకుంటోందా?"

"లేదు. మెత్తగా ఉంది."

దూరంనుంచి పాస్టరమ్మగారు ఇదంతా చూసి నిలబడిపోయారు. "చూడండి, ఒక్కో బిడ్డ మీదా చేతులుంచి ఎలా ప్రార్థిస్తోందో! మనకి తోచిందా?" అంటూ ఆవిడ కళ్లు మూశారు. అందరూ తలలు వంచారు. కేషియర్ గారు చెప్పులు కూడా విప్పారు.

చివరి పిల్లాడు కూడా నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఎవరూ కెవ్వుమనలేదు. అయితే సూదేది?

అంతలో టీచరమ్మ పాలిపోయిన మొహంతో దగ్గరికొచ్చింది. "అమ్మా, తప్పు నాదే. కొలతలు పంపేటప్పుడు మూడో తరగతివి ఐదో తరగతి పేర్లకీ, వాళ్లవి వీళ్లకీ రాసేశాను. ఆ కవర్లు అలాగే ఇచ్చుంటే చిన్నవాళ్లకి చొక్కాలు పాదాలదాకా వచ్చేవి, పెద్దవాళ్లకి మోచెయ్యి కూడా దూరేది కాదు. ఇప్పుడు అందరికీ అతికినట్టు సరిపోయాయి."

"తేడా ఉందని ఈవిడ పొద్దున్నే పసిగట్టిందండీ," అన్నారు కేషియర్ గారు. "కవరు విప్పకుండానే!"

గుండీలమ్మకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. తోడికోడల్ని చెయ్యి పట్టుకుని గుమ్మం బయటకు లాక్కుపోయింది. "అక్కా, ఎవరితోనూ అనకు. నా సూది పోయింది. పొద్దుట్నించి చచ్చి బతుకుతున్నా."

"నీ సూదా? నువ్వు టీకెళ్లినప్పుడు నా పర్సు జిప్పు ఊడితే కుట్టుకున్నానే. ఇదుగో, పర్సులోనే ఉంది. అడిగితే ఇచ్చేదాన్ని కదే!"

గుండీలమ్మ గుమ్మం మెట్టు మీద కూర్చుండిపోయింది. బయట పిల్లలు కొత్త చొక్కాల్లో ఒకళ్లనొకళ్లు తరుముకుంటున్నారు. నిజం చెప్పేద్దామని లేచి లోపలికెళ్లింది. కానీ పాస్టరమ్మగారు అప్పటికే ఆవిడ రెండు చేతులూ పట్టేసుకున్నారు.

"వచ్చే ఏడాది ఈ పనంతా నీ చేతుల మీదుగానే జరగాలి. నువ్వెలా అంటే అలా. చెప్పు తల్లీ."

గుండీలమ్మ నోరు తెరిచింది, మూసింది, మళ్లీ తెరిచింది.

"గుండీలు లేని చొక్కాలు కొందామండీ."

ఎందుకని ఒక్కరూ అడగలేదు. కేషియర్ గారు భక్తిగా రాసుకున్నారు.