వరప్రసాదరావు మోసిన పెట్టె

ఆ సోమవారం పొద్దున వరప్రసాదరావు పెట్టుకున్న పని ఒక్కటే, జగ్గయ్యపేట బస్టాండులో జనం ముందు నిలబడి తన జీవితచరిత్ర చెప్పుకోవడం. చిక్కల్లా ఆయనకు జీవితచరిత్ర అంటూ లేకపోవడమే.

1957లో మామగారు వీరరాఘవయ్య నందిగామకు తిరిగే బస్సొకటి కొనిచ్చాడు. అల్లుడు ఎక్కి ముందు సీట్లో కూర్చున్నాడు. చరిత్ర అంతే. హాయిగా సాగిపోతుంటే వెంకటరత్నం అనే ఆసామి అదే దారిలో కొత్త బస్సు దించాడు, జనమంతా అటు మళ్లారు. దసరాలోగా సీట్లు నిండకపోతే బస్సు అమ్మేసి అల్లుణ్ణి తన మిరపకాయల కొట్లో కాటా దగ్గర కూర్చోబెడతానని మామగారు కబురు చేశాడు. వరప్రసాదరావుకు మిరపకాయల ఘాటు తగిలితే తుమ్ములు ఆగవు.

సలహా ఇచ్చింది బెజవాడలో సబ్బుల కంపెనీ ఏజెంటు, బావమరిది బుల్లిబాబు.

"బావా, జనం బస్సుని చూసి ఎక్కరు, మనిషిని చూసి ఎక్కుతారు. నువ్వెంత కష్టపడి పైకొచ్చావో చెప్పు. విన్నవాడి కళ్లు చెమర్చాలి."

"నేనేం కష్టపడ్డానోయ్? మీ నాన్న కొనిచ్చాడు, ఎక్కి కూర్చున్నా."

"అయితే ఓ కష్టం కల్పించు."

కల్పించాడు, సోమవారం బస్టాండులో చెప్పాడు. "నేను క్లీనరుగా ఉన్న రోజుల్లో వీరులపాడు బసవమ్మగారు కూతురి పెళ్లిచీరల పెట్టె బస్సులో మర్చిపోయిందండీ. జోరున వాన! నందిగామ నుంచి ఆ పెట్టె నెత్తిన పెట్టుకుని, ఏరు దాటి, ఆవిడ గుమ్మంలో దించి వచ్చా!" జనం ముక్కులు చీదారు. నిజం తెలిసిన కండక్టరు అయూబ్ కూడా కళ్లు తుడుచుకున్నాడు. బస్సు నిండింది.

మర్నాటి నుంచి జనానికి మతిమరుపు పట్టుకుంది. ముందుగా జ్ఞానయ్య అనే రైతు కోళ్లగంప మర్చిపోయాడు.

"అయూబూ, వెళ్లి ఇచ్చిరా."

"కథలో మోసింది మీరు గదండీ ఓనరుగారూ. నేను పోతే ఏం బాగుంటుంది?"

చేసేది లేక వరప్రసాదరావే గంప నెత్తికెత్తుకున్నాడు. కోళ్లు దారి పొడుగునా ఆయన నెత్తిని పొడిచాయి. జ్ఞానయ్య కంగారేమీ పడలేదు. "ఆ మూల దించండి," అన్నాడు. తర్వాత ఎవరో మిరపకాయల బస్తా మర్చిపోయారు, తుమ్ముకుంటూ మోశాడు పాపం. మరో రోజు వెనక సీట్లో సుబ్బమ్మ అనే ముసలావిడ మిగిలిపోయింది.

"మా అల్లుడు కూర్చోమన్నాడు నాయనా. మీరే దింపుతారంట గదా!"

ఆవిణ్ణి సైకిలు మీద కూర్చోబెట్టి ఊరిదాకా నెట్టుకెళ్లాడు.

వెంకటరత్నానికి ఒళ్లు మండింది. వీరులపాడు వెళ్లి వాకబు చేశాడు. అక్కడ బసవమ్మ నిజంగానే ఉంది, ఊరికంతా ఆ పేరుగలావిడ ఒక్కర్తే. కథ కల్పించేటప్పుడు ఆ సంగతి కనుక్కోవాలని వరప్రసాదరావుకు తట్టలేదు. వెంకటరత్నం ఆవిణ్ణి తన బస్సులో జగ్గయ్యపేట తెచ్చి జనం మధ్య నిలబెట్టాడు. సరిగ్గా ఆ రోజే బస్సు సంగతి తేల్చేద్దామని మామగారు కూడా దిగాడు.

"చెప్పమ్మా, ఈయన నీ పెట్టె తెచ్చిచ్చాడా?"

"నాకు పెట్టే లేదు, కూతురూ లేదు. ఈయన్నెప్పుడూ చూళ్లేదు."

పాపం, వరప్రసాదరావుకు అప్పుడే కాటా ముందు కూర్చున్నట్టు ముక్కు దురద పెట్టింది.

"పెట్టె సంగతి నాకు తెలవదు. నా కోళ్లని మాత్రం తెచ్చాడు," అన్నాడు జ్ఞానయ్య.

"నా మిరపకాయలు తెచ్చాడు," అన్నాడు ఇంకొకడు.

"నన్నే తెచ్చాడు," అంది సుబ్బమ్మ.

బసవమ్మ చెవులు రిక్కించింది. "ఇంటిదాకానా?"

"గుమ్మం దాకా!"

ఆవిడ వెంకటరత్నం వైపు తిరిగింది. "మరి నన్ను నువ్వెక్కడ దింపుతావ్?"

"నందిగామలోనమ్మా."

"అయితే నువ్వుండు," అని వరప్రసాదరావు బస్సెక్కింది. వెనకాలే జనమంతా ఎగబడ్డారు. వెంకటరత్నం బస్సులో అప్పటికే కూర్చున్నవాళ్లు సైతం మూటలతో దూకారు. అబద్ధమాడి గెలిచానో, మోసి గెలిచానో వరప్రసాదరావుకు అర్థం కాలేదు గానీ, గెలిచినందుకు ఛాతీ ఉప్పొంగింది.

సీటు దొరక్క మామగారు నందిగామ దాకా నిలబడే వచ్చాడు. దిగుతూ, "ఇంకో బస్సు చూడాలయ్యా అల్లుడూ," అన్నాడు.

నందిగామలో అందరూ దిగారు. బసవమ్మ మాత్రం దిగడం మర్చిపోయింది.