తోడు బండిలో మొదటి ప్రయాణికుడు

"ఇకమీదట ఈ నియోజకవర్గంలో ఏ ముసలి ప్రాణమూ ఒంటరిగా గడప దాటదు!" అని సంక్షేమ మంత్రిగారు ప్రకటించారు. మోకాళ్లు పట్టేసి, చక్రాల కుర్చీ మెట్లు దిగక, ఆ ప్రాణాలన్నీ గడప లోపలే ఉండిపోయాయి కాబట్టి ఆ మాటలో ఏ కోశానా అబద్ధం లేదు. మంత్రిగారు ఆచితూచి మాట్లాడతారని ఊరికే పేరు రాలేదు.

పథకం పేరు తోడు బండి. పెద్దవాళ్లూ, కాళ్లూ కళ్లూ సహకరించనివాళ్లూ ఫోన్ చేస్తే చాలు, బండి ఇంటి ముందుకొస్తుంది. నడిపే మనిషే చెయ్యి పట్టుకుని ఎక్కిస్తుంది, వెళ్లినచోట పక్కనే కూర్చుంటుంది, కబుర్లు చెబుతుంది, పనయ్యాక మళ్లీ ఇంటికి దింపుతుంది. వాళ్లను డ్రైవర్లంటే చిన్నతనంగా ఉంటుందని మంత్రిగారు స్వయంగా ఆలోచించి "మిత్ర" అని పేరు పెట్టారు. పేరు పెట్టడం పూర్తయింది, జీతం పెట్టడం పరిశీలనలో ఉంది.

ఈ ప్రకటన టీవీలో వస్తున్నప్పుడు కండక్టరుగారు చక్రాల కుర్చీలో ముందుకు జరిగి సౌండ్ పెంచాడు. సిటీ బస్సులో టిక్కెట్లు కొట్టీ కొట్టీ రిటైరైన మనిషి. కుడి కాలు చచ్చుబడ్డాక వీధి చివర కూడా ఆయనకు పొరుగూరే అయింది. ఎన్నాళ్లుగానో ఇల్లు కదలకపోయినా విసుక్కోలేదు గానీ, ఈ వారం మాత్రం కాలుగాలిన పిల్లిలా ఉన్నాడు. కారణం డ్రైవరన్న.

ఇద్దరూ ఒకే బస్సులో ఉద్యోగం చేశారు. ఆయన స్టీరింగు దగ్గర, ఈయన వెనక మెట్టు దగ్గర. ఇంట్లో పెళ్లాలతో మాట్లాడినదానికన్నా బస్సులో ఒకరితో ఒకరు మాట్లాడుకున్నదే ఎక్కువని ఆ ఇద్దరు ఇల్లాళ్లూ బతికున్నన్నాళ్లూ దెప్పేవాళ్లు. డ్రైవరన్న ఇప్పుడు వంతెన అవతల వృద్ధుల హోమ్‌లో ఉంటున్నాడు. ఆయనదీ చక్రాల కుర్చీయే. ఆదివారం పొద్దున మేనల్లుడొచ్చి తన ఊరికి తీసుకెళ్లిపోతాడట. ఆ ఊరు చాలా దూరం. వెళ్లాక మళ్లీ కలవడమంటే ఈ జన్మకు కుదిరే పని కాదు.

"నన్నొక్కసారి వాడి ఎదురుగా కూర్చోబెట్టమ్మా. ఇంకేం అడగను నిన్ను" అన్నాడు కూతురితో.

కూతురు ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. తండ్రిని బస్సెక్కించాలని ఒకసారి ప్రయత్నించి నడుం పట్టేసి మంచమెక్కింది. ఆటోవాళ్లు చక్రాల కుర్చీని చూడగానే కిరాయి లేదని తల అడ్డంగా ఊపి వెళ్లిపోతున్నారు. అందుకే ఆవిడ వెంటనే తోడు బండికి ఫోన్ చేసింది.

ఫోన్ చేస్తే బండి రాలేదు, మైకు బాబాయ్ వచ్చాడు. వార్డులో పార్టీ పనులన్నీ చక్కబెట్టేది ఆయనే. మైకు లేకపోయినా మైకు ఉన్నట్టే మాట్లాడతాడని ఆ పేరొచ్చింది.

"కండక్టరు తాతగారూ! మీ పంట పండింది! తోడు బండిలో మొట్టమొదటి ప్రయాణికుడు మీరే! శనివారం మంత్రిగారు జెండా ఊపుతారు, బండి కదులుతుంది!"

"శనివారం దాకా ఎందుకు నాయనా? బండి వచ్చేసింది కదా. మీ ఆఫీసు ముందు టార్పాలిన్ కప్పి ఉంచారని మా అమ్మాయి చూసొచ్చింది."

"వచ్చిందండీ. కానీ మంత్రిగారు ఊపకుండా ఎలా కదులుతుంది?"

"ఇంజన్ ఉంటుందిగా బాబాయ్" అంది కూతురు.

మైకు బాబాయ్ జాలిగా చూశాడు. రాజకీయం తెలియని ఆడపిల్ల.

"సరే, శనివారమే రండి. ఆదివారం దాకా మాత్రం పోనివ్వకండి" అన్నాడు కండక్టరుగారు. దరఖాస్తులో వెళ్లవలసిన చోటు దగ్గర 'వంతెన అవతల వృద్ధుల హోమ్' అని తన చేత్తో రాసిచ్చాడు. డ్రైవరన్నకు ఫోన్ చేసి, "శనివారం సాయంత్రం గేటు దగ్గరుండు అన్నా, వచ్చేస్తున్నా" అని చెప్పాడు.

శనివారం మైదానంలో షామియానా వేశారు. కార్యకర్తలు కండక్టరుగారిని కుర్చీతో సహా మోసుకొచ్చి ముందు వరసలో పెట్టారు. మంత్రిగారు గంటల తరబడి ప్రసంగించారు. ఆయన గొంతు గాద్గదికమైనప్పుడల్లా కెమెరాలవాళ్లు ముందుకొచ్చారు, కెమెరాలు ముందుకొచ్చినప్పుడల్లా ఆయన గొంతు గాద్గదికమైంది. మిత్రగా ఎంపికైన అమ్మాయి కొత్త యూనిఫాంలో బండి పక్కన నిలబడింది. అంతకుముందు స్కూలు వ్యాను నడిపిన మనిషి, బండి చేతిలో వెన్నలా నడుస్తుంది. అందుకని శిక్షణలో డ్రైవింగ్ జోలికి పోకుండా, మంత్రిగారు ఎటు నుంచి వస్తే ఎటు తిరిగి నవ్వాలో క్షుణ్ణంగా నేర్పారు.

బండి నిజంగానే గొప్పగా ఉంది. వెనక చక్రాల కుర్చీ నేరుగా ఎక్కేలా వాలుబల్ల, కుర్చీ కదలకుండా పట్టీలు. కండక్టరుగారు దాన్ని తృప్తిగా తడిమి చూశాడు. ఇలాంటిది మన బస్సుకుంటే ఎంతమందిని ఎక్కించుకునేవాళ్లం అనుకున్నాడు.

ప్రసంగం చివర్లో మంత్రిగారు, "ఈ పెద్దాయనకు తోడుగా ఎవరు వెళ్తున్నారు?" అని అడిగారు.

పథకం పేరే తోడు. ఆ మాట విన్న పార్టీ మనిషి ఎవరైనా వెనక్కి తగ్గుతాడా? ముందు సీట్లో మిత్ర పక్కన ఫొటోగ్రాఫరు కూర్చున్నాడు. వెనక సీట్లో మైకు బాబాయ్, పథకం అధికారి, టీవీ విలేఖరి ఇరుక్కున్నారు. కుర్చీ పెట్టే చోట మంత్రిగారి నిలువెత్తు కటౌటు పెట్టి, అది కదలకుండా పట్టీలు బిగించారు. సందుల్లో పూలగుత్తులు కుక్కారు.

"అయ్యా, నేనెక్కడ..." అని కండక్టరుగారు నోరు తెరిచేలోపు బ్యాండు మోగింది. మంత్రిగారు జెండా ఊపారు. బండి దూసుకుపోయింది. జనమంతా చేతులు ఊపుతుంటే అలవాటు కొద్దీ కండక్టరుగారూ ఊపాడు.

"నాన్నా, నువ్వు ఇక్కడే ఉన్నావు!" అంది కూతురు.

"అవునమ్మా, నాకూ అదే అనుమానంగా ఉంది."

వేదిక మీదికి వెళ్లి చెబుదామని ఆవిడ ఎంత ప్రయత్నించినా సెక్యూరిటీవాళ్లు పోనివ్వలేదు. మొదటి ప్రయాణికుడు బయల్దేరిపోయాడనీ, ఇంక ఎవరూ అల్లరి చెయ్యొద్దనీ గద్దించారు. ఇద్దరూ ఇంటిదారి పట్టారు. ఆ దారి కూడా సగంలో ఆపేశారు. బండి హోమ్ దాకా వెళ్లి, మైదానానికి వచ్చి, మళ్లీ వెళ్లేదాకా ఆ రోడ్డు ఖాళీగా ఉంచాలట.

కండక్టరుగారు ఒళ్లో చేతులు పెట్టుకుని, డ్రైవరన్న గేటు దగ్గర తనకోసం మెడ చాచి చూస్తుంటాడే అనుకుంటూ కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. కూతురు వెనక నుంచి కుర్చీ తోస్తోంది కాబట్టి ఆ ముఖం ఆవిడకు కనపడలేదు.

ఇల్లు చేరేసరికి వరండాలో డ్రైవరన్న కూర్చుని ఉన్నాడు. ఒళ్లో పూలగుత్తి.



"ఎంతసేపట్రా తమ్ముడూ! ఇంటికి పిలిచి తాళం వేసుకుపోతావా?" అన్నాడు డ్రైవరన్న.

"నువ్వెలా వచ్చావన్నా?"

"నాకేం తెలుసు! నీకోసం గేటు దగ్గర కూర్చున్నా. బండి వచ్చింది, జనం దిగారు. ఫొటో తియ్యబోయి, 'ముసలాయన ఏడీ?' అని ఒకడన్నాడు. అందరూ బండి కిందకి కూడా వంగి చూశారు. అప్పుడా మైకులాంటి గొంతున్నాయన నన్ను చూసి, 'ఇదిగో ఉన్నాడు' అన్నాడు. ఎవరూ ఏమీ అడగలేదు. కటౌటు తీసి అక్కడ పడేసి నన్నెక్కించారు. మైదానంలో మంత్రి నన్ను కౌగిలించుకుని ఏడ్చాడు. తర్వాత దరఖాస్తు కాగితం చూసి, ఇంటికి దింపుతామని ఇక్కడికి తెచ్చారు. నీ ఇంటి నంబరు చూశాక నేనింకేం మాట్లాడతాను, నోరు మూసుకుని దిగిపోయా."

ఇద్దరూ నవ్వారు. కుర్చీలు రెండూ చక్రాలు తగిలేంత దగ్గరికి జరుపుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు. "పెదనాన్నా, ఈ రాత్రికి ఇక్కడే ఉండు. పొద్దున మీ మేనల్లుణ్ణి ఇటే రమ్మంటా" అంది కూతురు. టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. ఈ పూట గడిస్తే చాలు, ఇంకేమీ అక్కర్లేదు అనిపించింది కండక్టరుగారికి.

టీ ఇంకా పొంగనే లేదు, వీధిలో బండి ఆగింది. మైకు బాబాయ్ చెమటలు కక్కుతూ దిగాడు. వెనక మిత్ర, ఆ వెనక ఇద్దరు బలమైన కార్యకర్తలు.

"హోమ్ వాళ్లు ఫోన్ చేశారండీ. ఒక పెద్దాయన తక్కువయ్యాడట. ఇప్పుడే తిరిగి అప్పగించకపోతే పోలీసులకు చెబుతారట" అన్నాడు.

"రేపటిదాకా ఉండనివ్వండి బాబాయ్. నేను హోమ్ వాళ్లతో మాట్లాడతాను" అంది కూతురు లోపలి నుంచి వచ్చి.

"టీవీలో మంత్రిగారు పక్కనే ఉండగా పోలీసు కేసా? మా కొంప మునుగుతుందమ్మా."

"అయితే ఆయన్ని తీసుకెళ్లండి, కానీ మా నాన్నను కూడా..."

"డ్రైవరు తాతగారినెలా తీసుకెళ్తానమ్మా? ఆయన ఇంటికి చేరిపోయారు కదా!" ఫోన్ తీసి చూపించాడు. మంత్రిగారు డ్రైవరన్నను గుండెకు హత్తుకుని ఉన్నారు. కింద అక్షరాలు పరుగెడుతున్నాయి: సురక్షితంగా సొంత ఇంటికి మొదటి ప్రయాణికుడు. "ఊరంతా చూసింది. ఈ ఇంటి పెద్దాయన ఈయనే. కాబట్టి హోమ్‌కి చేరాల్సింది రెండో ఆయన."

"ఆ రెండో ఆయన మా నాన్న!"

"నాకు తెలియదా తల్లీ? చిన్నప్పటి నుంచీ తాతగారి బస్సులో తిరిగినవాణ్ణి! కానీ మంత్రిగారు కౌగిలించుకున్నది ఈయన్ని. ఆ కౌగిలింత ఇప్పుడు వెనక్కి తీసుకోగలమా? మీరే చెప్పండి."

"ఇది నా ఇల్లు నాయనా" అన్నాడు కండక్టరుగారు.

"మీదే తాతగారూ. కాదన్న నా కొడుకెవడు? అయినా వంతెన అవతలికి తీసుకెళ్లమని దరఖాస్తు రాసింది మీరే కదా. మీ కోరికే తీరుస్తున్నాం."

డ్రైవరన్న తన కుర్చీని అడ్డం పెట్టాడు. మొదటి ప్రయాణికుడనే గౌరవంతో కార్యకర్తలు ఆయన్ని మెల్లగా పక్కకు జరిపారు. కూతురు తిట్టిన తిట్లు ఇక్కడ రాయడం బాగుండదు. పార్టీ మనుషులు సహనం నేర్చినవాళ్లు కాబట్టి నవ్వుతూనే విన్నారు.

పథకాన్ని విమర్శించేవాళ్లు ఒక్కసారి ఆ ప్రయాణం చూసి ఉండాల్సింది. వాలుబల్ల సాఫీగా దిగింది. పట్టీలు పద్ధతిగా బిగించారు. లోపల కటౌటు లేదు, కెమెరాలు లేవు, మైకు బాబాయ్ కూడా ఎక్కలేదు. మిత్ర గతుకు తగలకుండా నడిపింది. గాలి ఎక్కువగా ఉందా అని అడిగి అద్దం కాస్త పైకెత్తింది. వంతెన మీద నెమ్మది చేసి నీళ్లు చూపించింది. అంత సుఖంగా కండక్టరుగారు ఏనాడూ ప్రయాణం చేయలేదు, ఏనాడూ అంత దిగులు పడలేదు కూడా.

హోమ్‌లో ఆయన్ని మేట్రన్ ఒక గదిలోకి తీసుకెళ్లింది. కిటికీ పక్కన దుప్పటి మడత పెట్టిన మంచం, దాని కింద సర్దిపెట్టిన సంచి.

"ఈ మంచం ఆయన ఇంటికి వెళ్లిపోయారండీ. టీవీలో చూశాం. అదృష్టవంతుడు" అంది మేట్రన్ ఆ మంచాన్నే చూపిస్తూ.

మిత్ర కండక్టరుగారి పక్కన మోకాళ్ల మీద కూర్చుంది. మంచి పిల్ల, ముఖంలో ఆ మంచితనం కనిపిస్తూనే ఉంది.

"తాతగారూ, మీరు రావాలనుకున్న చోటు ఇదేనా?"

"ఇదేనమ్మా."

"ఇంకేమైనా కావాలా?"

"నన్ను ఇంటికి తీసుకెళ్లు తల్లీ. వాడు రేపు పొద్దున వెళ్లిపోతాడు."

మిత్ర బయటికి వెళ్లి ఆఫీసుకు ఫోన్ చేసి వచ్చింది. వస్తూనే ఆయన చెయ్యి పట్టుకుంది.

"తప్పకుండా అన్నారు తాతగారూ. వంతెనకు ఇవతలి వైపు నుంచి మొదటి ప్రయాణికుడు కూడా మీరేనట. మంత్రిగారి డేటు దొరకగానే బండి వస్తుంది."